రివర్ట్ చేయగలరు

బాబెలు దగ్గర మనుషుల భాషను తారుమారు చేశాక, దేవుడు మిగిలిన పనిని ఆఫీసులకు అప్పగించాడు. అవి ఆ పనిని నేటికీ శ్రద్ధగా చేస్తున్నాయి.

బతు బస్తీ అనే పేటలో, ప్రభుత్వం ఇవ్వగా తండ్రి ఇల్లు కట్టిన స్థలాన్ని తన పేరుకు మార్చమని వడ్రంగి యిర్మియా అర్జీ పెట్టుకున్నాడు. ఏడాదిన్నరకు స్థలాల ఆఫీసు నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది: స్థలం విషయమై పదిహేను రోజుల్లోగా దయచేసి రివర్ట్ చేయగలరు. (దయ లేకుండా ఆ ఆఫీసు ఏదీ అడగదు.)

కూతురు ఫేబే ఫోనులో అర్థం వెతికింది. అది ఒకప్పటి రోము వాళ్ళ లాటిను మాటట. వెనక్కి తిరగడమని మూలార్థమట. భూముల విషయంలోనైతే పాత యజమానికి తిరిగి చెందడమట. ఇంకో అర్థం కూడా ఉంది గానీ, అక్కడికి వచ్చేసరికి నెట్ ఆగిపోయింది.

"రోము వాళ్ళకి మన ఇంటితో ఏం పనే?" అన్నాడు యిర్మియా.

దేవుని వైపు తిరగమని పాస్టరుగారు ప్రతి ఆదివారం చెబుతారు. ఆయన కూడా ఎన్నడూ పదిహేను రోజుల గడువు పెట్టలేదు. యిర్మియా ప్రార్థన చేసుకుని, కూతురి చేత ఇంగ్లీషులో ఒకే వాక్యం రాయించాడు: నేను రివర్ట్ చేయను.

ఆఫీసులో గుమాస్తా మణికుమార్ దానిమీద ముద్ర కొట్టి, తర్వాత చదివాడు. (వరస అదే.)

"అరే భయ్యా, రివర్ట్ అంటే జవాబ్. జవాబ్ ఇవ్వనని జవాబ్ రాసినారేటి?"

ఆ కాగితం ఇచ్చేస్తే మార్చి తెస్తానని యిర్మియా బతిమాలాడు.

"ముద్ర పడ్డాక వాపస్ రాదు. రివర్ట్ చేస్తున్నానని ఇంకోటి రాసేయండి, బస్."

మణికుమార్ చెప్పిన అక్షరాలను ఒక్కొక్కటే రాసి, యిర్మియా సంతకం పెట్టాడు. ఇల్లు దక్కిందని దారి పొడుగునా దేవుణ్ణి స్తుతించాడు.

రెండు కాగితాలూ ప్రత్యుత్తరాల ఉపపర్యవేక్షణాధికారి దగ్గరికి వెళ్ళాయి. ఆయన భాష విషయంలో నిక్కచ్చి మనిషి. రివర్ట్ అంటే జవాబు అనుకోవడం తప్పుడు వాడుక అనీ, ఇకపై మూలార్థమే చెల్లుతుందనీ ఆ ఉదయమే సర్క్యులరు జారీ చేశారు. (అది అర్జీదారులకే వర్తిస్తుంది.)

నెలకు మళ్ళీ ఉత్తరం వచ్చింది. ఫేబే చదివి, తండ్రికి తెలిసిన తెలుగులో నెమ్మదిగా చెప్పింది. మొదట నిరాకరించినా, తరువాత మారుమనస్సు పొంది స్థలాన్ని ప్రభుత్వానికి తిరిగి ఇచ్చివేసినందుకు కృతజ్ఞతలు. ఇల్లు ఎప్పుడు ఖాళీ చేస్తారో దయచేసి రివర్ట్ చేయగలరు.