ఓవీ రోకలి, పరచురే కర్ర

సోమవారం పొద్దున ఆశ్లేష వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు ఇరవై నెలల ఓవీ తనంతట తాను ఆడుకోవాలి. ఆ గంటా తను పక్క గదిలో కూర్చుని ఆఫీసు మీటింగు చూసుకోవాలి. టీవీ సీరియళ్లకు సబ్‌టైటిళ్లు రాసే ఉద్యోగం అది. ఇంటినుంచే పని, అయితే మొదటి నెల పరీక్ష. ఇంటర్వ్యూలో ఓవీ ఏడుపు విన్న పై అధికారిణి, "ఇది మళ్లీ వినిపిస్తే మాత్రం కష్టం" అని నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పేవాళ్లతోనే ఎక్కువ భయం.

అప్పటికే చాలా బొమ్మలు వచ్చి ఓడిపోయాయి. రంగు రింగులు ఇస్తే ఓవీ వాటిని ఒక్కొక్కటే కిటికీలోంచి కింద పడేసి టాటా చెప్పింది. చెక్క దిమ్మెలను కొరికి చూసి, రుచి నచ్చక పక్కన పెట్టింది. గుడ్డ పుస్తకం మూడు నిమిషాలు ఆగింది. గంటసేపు పిల్ల మిమ్మల్ని మరిచిపోతుందని ఆ పెట్టెల మీద రాసేవాళ్లకు పిల్లలుండరని ఆశ్లేషకు గట్టి నమ్మకం ఏర్పడింది. చివరికి తులసీబాగు బజారులో ఇత్తడి లక్కపిడతల సెట్టు కొంది. పిల్ల మింగడానికి వీలైనవన్నీ అటకెక్కించగా ఒక బుల్లి రోలు, జానెడు రోకలి మిగిలాయి.

"ఇదెంతసేపు?" బూట్లు తొడుక్కుంటూ అడిగాడు భర్త హృషీకేశ్.

"ఐదు నిమిషాలు. తర్వాత దేవుడున్నాడు," అంది ఆశ్లేష.

రెండింటికి ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. మూడింటికి తీసి చూస్తే ఓవీ కూర్చున్నచోటే కూర్చుని ఉంది. చేతిలో రోకలి, నుదుట చెమట, కళ్లలో వెలుగు. ఆశ్లేషకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. ఈ వయసు పిల్ల గంటసేపు ఒక్కచోట ఉందంటే ఒంట్లో జ్వరమైనా ఉండాలి, ఇంట్లో ఏదైనా విరిగి అయినా ఉండాలి. పిల్ల నోట్లో వేలు పెట్టి చూసింది. ముక్కులో చూసింది. సోఫా కింద, స్నానాల గదిలో వెతికింది. ఏమీ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

సరిగ్గా ఆ గది కింద, మొదటి అంతస్తులో, వామనరావు పరచురే ఒంటరిగా ఉంటున్నారు. డెబ్బై ఎనిమిదేళ్లు. ముప్ఫై నాలుగేళ్లు టెలిగ్రాఫ్ ఆఫీసులో టకటకలు విని, రాసి, కొట్టిన మనిషి. ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆ పేటలో కొట్లు మూతబడతాయి, ఫోన్లు ఎత్తరు, చావు కబురు కూడా నాలుగున్నరకే వస్తుంది. అలాంటి వేళ రెండు దాటీదాటగానే ఆయన నెత్తిమీద షాబాదు బండ టక్, టక్, టక్ మంది.

పరచురే లేచి వాసన చూశారు. పైనుంచి వేయించిన కొబ్బరి, నువ్వుల వాసన వచ్చింది. ఆశ్లేష ఆ పొద్దున మసాలాకు వేయించుకున్న మాట నిజమే. ఆయనకు అంతా తెలిసిపోయింది. పైన మసాలా పరిశ్రమ నడుస్తోంది! బూజుకర్ర తీసి పైకప్పుకు మూడు దెబ్బలు కొట్టారు. పైనుంచి మూడు దెబ్బలు తిరిగొచ్చాయి. రెండు కొట్టారు. రెండు వచ్చాయి. మసాలా దంచేవాళ్లు జవాబివ్వరు. అంటే ఇది వెక్కిరింత.

సాయంత్రానికి మెట్ల గోడ మీద ముత్యాల్లాంటి చేతిరాతతో ఒక కాగితం వెలిసింది. "కింద మనుషులు ఉంటున్నారు. పైనా మనుషులే ఉంటే ఈ సంగతి అర్థమవుతుంది." ఆ పేటలో నోటీసు రాసేవాడు తిట్టడమే తప్ప పేరు రాయడు. కూరగాయలు తెస్తూ అది చదివిన ఆశ్లేషకు, తన పై అంతస్తులో పొద్దస్తమానం మిక్సీ తిప్పే పెద్దావిడ దామలే కాకూయే గుర్తొచ్చింది. పాపం, కింది ముసలాయన నిద్ర ఎంత పాడైందో అనుకుంది. సంచిలోంచి పెన్ను తీసి, మర్యాదగా కింద "సమ్మతం – ఆశ్లేష" అని రాసింది.

పరచురే ఆ మాట చదివి మెట్ల మీదే కూలబడ్డారు. కొట్టేది వీళ్లే, సమ్మతమూ వీళ్లదే! ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు.

మర్నాటినుంచి ఆయన నోటుపుస్తకం తెరిచారు. తను కొట్టినవి, పైనుంచి వచ్చినవి, వేళతో సహా రాసుకున్నారు. పాత అలవాటు కొద్దీ పైవాళ్ల దెబ్బలను అక్షరాలుగా మార్చి చూశారు. ఒక్క ముక్కకూ అర్థం లేదు. అర్థం లేదంటే అది రహస్య భాషే. నాలుగు వారాల్లో పుస్తకం సగం నిండింది. ఆయన దాన్ని చంకన పెట్టుకుని ఆ భవనం సొసైటీకి అధ్యక్షురాలైన దామలే కాకూ దగ్గరికి వెళ్లారు.

శుక్రవారం రెండింటికి దామలే కాకూ, మరో ఇద్దరు సభ్యులు తమ నిద్ర త్యాగం చేసి పరచురే ముందుగదిలో కూర్చున్నారు. చప్పుడు రుజువైతే ఆ వస్తువేదో స్వాధీనం చేసుకోవాలని తీర్మానం ముందే రాసి తెచ్చారు. పైన ఆశ్లేషకు అది పరీక్ష నెలలో ఆఖరి మీటింగు. సొసైటీ నుంచి పిలుపు వస్తే, "మూడు తర్వాత ఎప్పుడైనా వస్తాను" అని కబురు పంపింది.

రెండూ పది అయింది. చీమ చిటుక్కుమనలేదు. సభ్యుల్లో ఒకాయన గుర్రు పెట్టాడు.

"ఏమండీ పరచురేగారూ, మీ నిద్ర పోయిందని మా నిద్ర కూడా పోగొట్టారా?" అంది దామలే కాకూ.

"అలా ఊరికే రాదమ్మా," పరచురే విసుక్కున్నారు. "ముందు ఇటునుంచి కొట్టాలి."

దామలే కాకూ చటుక్కున ఆయనవైపు తిరిగింది. గుర్రు కూడా ఆగింది. "ఏమన్నారు?"

ఆయన అప్పటికే బూజుకర్ర ఎత్తారు. టక్, టక్, టక్. పైనుంచి వెంటనే టక్, టక్, టక్. "విన్నారా! విన్నారుగా!" అని ఆయన టకటక్ కొట్టారు. పైనుంచి టకటక్. ఇంకొకటి గమ్మత్తుగా తిప్పి కొట్టారు. జవాబు కొంచెం తప్పింది. "అబ్బే, అలాక్కాదు," అంటూ మళ్లీ కొట్టారు.

"ఆ పుస్తకం ఇటివ్వండి," అంది దామలే కాకూ. కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. "మంగళవారం, రెండూ రెండు: నేను మూడు, ప్రతిపక్షం మూడు. బుధవారం, రెండూ ఒకటి: నేను మూడు, ప్రతిపక్షం మూడు. అన్నీ మీరే మొదలెట్టారు కదండీ! ఆదివారం: నేను మూడు, జవాబు లేదు. మళ్లీ మూడు, జవాబు లేదు. నాలుగింటికి మళ్లీ... ఆదివారం పైవాళ్లు ఊళ్లోనే లేరు. చప్పుడే లేనప్పుడు ఎందుకు కొట్టారు?"

పరచురే కర్ర వంక చూశారు. "చప్పుడు లేదని అనుమానం వచ్చింది," అన్నారు మెల్లగా.

దామలే కాకూ పుస్తకం మూసింది. కానీ తీర్మానం తీర్మానమే. అందరూ పైకి ఎక్కారు. కర్ర కింద పెట్టడం మరిచి పరచురే కూడా ఎక్కారు. హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతుండగా ఆశ్లేష తలుపు తీసింది. స్వాధీనం అన్న మాట వినగానే ఆమె చేతులు జోడించింది.

"కాకూ, మీ కాళ్లకు దణ్ణం పెడతాను. ఇవాళే ఆఖరి రోజు. ఆ రోకలి తీసుకుంటే ఏడుస్తుంది, ఏడిస్తే నా ఉద్యోగం పోతుంది. ఇదొక్కటే దాన్ని ఒంటరిగా ఆడిస్తోంది."

ఆమె వెనక ఓవీ నేలకు చెవి ఆనించి పడుకుని ఉంది. కిందినుంచి జవాబు ఆగిపోయిందని పెదవి విరిచి, ఏడుపుకు సిద్ధంగా ఉంది. ఆశ్లేష కంగారుగా పిల్లవైపు ఒక అడుగు వేసింది. ఆలోపే పరచురే కర్ర గడప మీద మూడుసార్లు టక్ మంది. ఓవీ తలెత్తింది. కర్రను చూసింది, నేలను చూసింది, ఆ ముసలాయన్ను చూసింది. రోకలితో మూడుసార్లు కొట్టి, పడీపడీ నవ్వింది. "ఆజో!"

తాతా అనే ఆ పిలుపుతో పరచురేను ఎవరూ ఏనాడూ పిలవలేదు. ఈ నెలంతా పిల్ల ఒంటరిగా ఆడుకున్నది ఒక్క నిమిషం కూడా లేదని ఆశ్లేషకు అప్పుడు అర్థమైంది. ఇంత పెద్ద బొమ్మను తను అద్దె ఇంటితో పాటే తెచ్చుకుని, బొమ్మల కోసం ఊరంతా వెతికింది.

"మీటింగు నడుస్తోందా అమ్మాయ్?" గుసగుసగా అడిగారు పరచురే.

"ఇంకా నలభై నిమిషాలు ఉంది కాకా."

"అయితే నేను కిందికి వెళ్లాలి," అని ఆయన సభ్యులను తోసుకుంటూ గబగబా దిగిపోయారు. దామలే కాకూ తీర్మానాన్ని నాలుగు మడతలు పెట్టి చీర కుచ్చెళ్లలో దోపుకుంది.

ఉద్యోగం ఖాయమైంది. సోమవారం మెట్ల గోడ మీద అదే చేతిరాతతో కొత్త కాగితం కనిపించింది. "మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు పరచురే నిద్రపోరు. అయినా ఎవరూ తలుపు తట్టరాదు. ఆఫీసు పని ఉంటుంది."

కింద, చిన్న అక్షరాలతో: "సమ్మతం – ఆశ్లేష."