మారప్పగారి గీత

బొమ్మనహళ్ళి ఆసుపత్రిలో జరుగుతున్న క్యాన్సర్ మందు పరీక్షలో ఇకమీదట గ్రాఫు గీత కిందికి దిగదని బోర్డు ఛైర్మన్ మారప్పగారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. యముడికి ఇంత సూటిగా ఆర్డర్ వేసిన నాయకుణ్ణి విలేకరిగా నేను ఇంకెక్కడా చూడలేదు.

గీత సంగతి ఆయనకు చెప్పింది ఆ పరీక్ష లెక్కలు చూసే నేత్రావతి. మందు వాడేవాళ్ళు బతికున్నంత కాలం గీత అడ్డంగా సాగుతుంది. ఒకరు పోతే ఒక మెట్టు దిగుతుంది.

"దిగకుండా ఏంజేయాలమ్మా?"

"మనుషులు పోకుండా చూడాలి సార్."

"అది మన చేతిలో ఉండాదా? ఇంకో దారి చెప్పు."

"మధ్యలో మానేసి వెళ్ళిపోయినవాళ్ళకి మెట్టు దిగదు సార్. గీత మీద చిన్న టిక్ పెడతాం. ఆ తర్వాత వాళ్ళేమైందీ లెక్కకి రాదు, దాన్నే సెన్సార్ అంటాం. కానీ జబ్బు ముదిరినవాళ్ళనే పంపేస్తే మొత్తం లెక్క అబద్ధమవుతుంది."

మారప్పగారు చివరి వాక్యానికి ముందే లేచి వెళ్ళిపోయారు. ఆయన టైమ్ విలువైనది.

మర్నాటి నుంచి నీరసంగా కనిపించినవాళ్ళకల్లా శాలువా కప్పి డిశ్చార్జ్ చేశారు. గార్మెంట్స్‌లో కుట్టుపని చేసే కదిరమ్మ మాత్రం మంచం దిగలేదు.

"నాకింకా తగ్గలేదు సార్."

"తగ్గలేదు గనకే తల్లీ, పంపిస్తాండేది" అన్నారు మారప్పగారు. ఎంత ఓపిక!

గీత బల్లలా చదునైంది. వార్డులో మిగిలినవాళ్ళలో చాలామందికి అసలు జబ్బుందో లేదో ఇంకా తేలలేదు. మారప్పగారికి సన్మానసభ పెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చిన డాక్టర్లు, కోలుకున్న పేషెంటు ఒకరితో మాట్లాడతామన్నారు. ఛైర్మన్‌గారు వెతికించారు. అలాంటివాళ్ళు దొరకలేదు. అప్పుడు నేత్రావతి ఫోన్ చేసి కదిరమ్మను పిలిపించింది.

కదిరమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా స్టేజీ ఎక్కింది. బుగ్గలు కూడా వచ్చాయి. మారప్పగారి కళ్ళు చెమర్చాయి.

"ఎట్లా బాగైనావో పెద్దోళ్ళకి చెప్పమ్మా."

"మీరు ఇంటికి పొమ్మంటిరి సార్. నేను పోలేదు. వేరే ఆసుపత్రికి పోతిని. ఆడ మీ మందు మాన్పించినారు. ఇంకోటి ఇచ్చినారు. ఇప్పుడు రెండు పూట్లా సంగటి తింటాండా, మళ్ళీ మిషన్ కాడ కూచుంటాండా."

ఢిల్లీ డాక్టరు నేత్రావతి వైపు తిరిగి, ఈమె మీ గీతలో ఎక్కడున్నారని అడిగాడు. నేత్రావతి తెర మీద ఒక టిక్ చూపించింది. మారప్పగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి వార్డు ఖాళీ. పేషెంట్లంతా ఛైర్మన్ గది ముందు క్యూలో ఉన్నారు. అందరికంటే ముందున్న ముసలాయన నన్ను ఆఫీసువాడనుకుని చెయ్యి పట్టుకున్నాడు.

"మమ్మల్నెప్పుడు పంపిస్తారప్పా?"