గీత పక్కన ఉప్పలయ్య సారు

ఎర్రగుంట గని ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఉప్పలయ్య సారు వినాయకుణ్ణి వాగులో కలిపి వచ్చిన మర్నాడు పూర్తిగా కనిపించకుండా పోయాడు. అయినా డ్యూటీకి ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు.

ఇది ఒక్కసారిగా జరిగింది కాదు. ఆట మధ్యలో ఆటగాళ్ళు మైదానం అంచు గీత వైపు తిరిగి, "సారూ, ఇప్పుడేం జెయ్యాలె?" అన్నట్టు చూస్తారు కదా. అలా చూడడం ఎవరైనా మానేసినప్పుడల్లా ఆయనలో కొంత తరిగిపోయేది. మొదట మానేసినవాడు ఏసోబు, ఎడమ పక్కన వెనక ఆడేవాడు. అంతకుముందు బంతి వచ్చినా పోయినా వాడు సారు ముఖమే చూసేవాడు. ఒకనాడు చూడలేదు. బంతి ఎక్కడికి వస్తుందో ముందే అక్కడికి పోయి, తీరిగ్గా నిలబడ్డాడు.

ఆ సాయంత్రం సారు భార్య మణెమ్మ కాళ్ళకు నీళ్ళు ఇవ్వబోయి ఆగింది.

"ఏమయ్యా, ఎడమ కాలేది?"

"ఏసోబు నేర్సుకున్నడు," అన్నాడు సారు.

"పోనీ, మంచిగైంది," అని ఆమె కాలు ఉండవలసిన చోటనే చెంబెడు నీళ్ళు పోసింది. వాకిట్లో బండ అంతా తడిసింది గాని, పాదం మేర మాత్రం పొడిగా మిగిలింది. అది చూసి ఆమెకు నిమ్మళం అయింది.

కుడి కాలు కూడా పోయాక గని సంస్థ డాక్టర్లు పరీక్ష చేసి, "నడుము పైభాగం మేరకు ఆరోగ్యంగా ఉన్నారు" అని సర్టిఫికెట్ ఇచ్చారు. యూనిఫాం సెక్షన్ వారు ప్యాంటు గుడ్డ ఇవ్వడం ఆపేశారు. తర్వాత చేతులు పోయాయి, తర్వాత ఛాతీ, తర్వాత ముఖం. చివరిదాకా మిగిలింది గొంతు ఒక్కటే. అది గోల్‌కీపర్ జహంగీర్ కోసం మిగిలింది. గోల్‌కీపర్ భయం అందరి భయం లాంటిది కాదు. వాడి వెనక వల తప్ప ఎవరూ ఉండరు. అందుకని గాలిలోంచి ఆ గొంతు, "జహంగీర్, ముంగటికి రా! బంతిని అనాథను జెయ్యకు, ఎవరింటికన్న తోలియ్యి!" అని చాలాకాలం వినిపించింది. నిమజ్జనం మర్నాటి ఆటలో జహంగీరే తన ముందున్న వాళ్ళకు ఆ మాట చెప్పాడు. గొంతు కూడా పోయింది.

ఊరివాళ్ళు మణెమ్మను పరామర్శించడానికి వచ్చారు. ఆమెకు వింతగా అనిపించింది.

"రోజు పొద్దుగాల దేవునికి నైవేద్యం పెడుతనే ఉన్న. కనబడనోళ్ళకు వడ్డించుడు నాకు కొత్తనా? పైగ దేవుని ముంగట పెట్టింది పెట్టినట్టే ఉంటది. మా ఆయన కంచంల తగ్గుతది. మామిడికాయ తొక్కు అడుగంట ఊడుస్తడు."

"మాట్లాడడు గద పెద్దమ్మా?" అన్నాడు ఏసోబు దిగులుగా.

"ఇంట్ల ఆయన మాట్లాడిందెన్నడురా! మాటలన్నీ మీకే పెట్టిండు."

జట్టు గెలుస్తూనే ఉంది. సారు కూర్చునే ఇనుప కుర్చీని గీత పక్కన వేసి, దాని మీద ఆయన తువ్వాలు పెట్టి, ఆటగాళ్ళు తమ పని తాము చూసుకునేవారు.

పక్కనున్న నల్లవాగు జట్టు కోచ్ దామోదర్ సంగతి దీనికి తలకిందులు. ఆయన గెలిచినకొద్దీ పెరిగాడు. ఆ ఏడు గోలు స్తంభం దాటిపోయాడు. ఎండపూట ఆయన నీడ సగం మైదానం మీద పడేది. ఆయన ఫ్లెక్సీలు కట్టించుకోవలసిన అవసరం లేదు, చౌరస్తాలో తానే నిలబడితే సరిపోయేది. "కోచ్ అంటె గట్లుండాలె," అని జనం మెడలు నొప్పి పుట్టేలా చూసేవారు. ఆయన ఆటగాళ్ళు కూడా బంతిని వదిలి ఆయన్నే చూసేవారు. ఎవరు ఏ పక్కకు తన్నాలో పైనుంచి చెప్పి, చెప్పినట్టు ఆడించి ఆయన గెలిపించేవాడు. అది కూడా తక్కువ విద్య కాదు.

ఈ పరిస్థితిలో ప్రభుత్వం జిల్లాకు ఒకరి చొప్పున 'సార్వకాలిక మహా కోచ్' అనే హోదా మంజూరు చేసింది. పరిశీలనకు ఇద్దరి పేర్లూ వెళ్ళాయి. నిబంధన ఒక్కటే: అభ్యర్థి కమిటీ ముందు స్వయంగా హాజరు కావాలి. హాజరు కాకపోతే హోదా రాకపోవడమే కాదు, ప్రస్తుత పోస్టు కూడా ఖాళీగా ప్రకటించి, క్వార్టరు వెనక్కి తీసుకుంటారు.

హోదా సంగతి మణెమ్మకు పట్టలేదు. క్వార్టరు మాట ఆమె గుండెలో పడింది. ఈ ఇంటిని ఇంకొకరికి ఇస్తే, సాయంత్రం ఆయన వచ్చి ఎవరి వాకిట్లో నిలబడాలి? దారి అడుగుదామంటే గొంతు లేదు. ఎవరైనా గుర్తుపట్టి పిలుద్దామంటే ముఖం లేదు.

కమిటీ తరఫున విద్యాధర్ అనే అధికారి ముందుగా విచారణకు వచ్చాడు. పద్ధతి గల మనిషి. వాకిట్లో చెప్పులు విప్పి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఉప్పలయ్యగారు ఉన్నారా అమ్మా?"

"ఉన్నడు సారు. జరంత లేసి పక్క కుర్చీల కూసోండ్రి. ఆయన మీదనే కూసున్నరు."

విద్యాధర్ ఉలిక్కిపడి లేచి, కుర్చీకి నమస్కారం పెట్టి, పక్కదానిలో కూర్చున్నాడు. "క్షమించాలి. ఆయన సంతకం చెయ్యగలరా?"

"జేస్తడు గని సార్, ఆయన పట్టుకున్నంక పెన్ను కూడ కనబడదు. మొన్న గంటె గట్లనే పోయింది."

"మరి హాజరైనట్టు నేను ఎలా రాయాలమ్మా? నా బాధ కూడా అర్థం చేసుకోండి."

"ఆదివారం నల్లవాగోళ్ళతోని ఆట ఉన్నది. అక్కడికి రాండ్రి. ఆయన ఈడ తక్కువుంటడు, ఆడ ఎక్కువుంటడు."

ఆదివారం కమిటీ వచ్చింది. ఎండ ఎక్కువగా ఉండడంతో సభ్యులు దామోదర్ నీడలో కుర్చీలు వేయించుకున్నారు. విద్యాధర్ ఒక్కడే ఇవతలి గీత దగ్గరికి వచ్చి, తువ్వాలు ఉన్న కుర్చీ పక్కన కూర్చున్నాడు. కుర్చీ వెనక మణెమ్మ కొంగు బిగించుకుని నిలబడింది.

ఆట మొదలైన కొద్దిసేపటికే నల్లవాగు వాళ్ళు గోలు కొట్టారు. బంతి జహంగీర్ వేళ్ళకు తగిలి లోపలికి పోయింది. వాడు లేచి, వలలోంచి బంతి తీసి, ఇంతకాలానికి మళ్ళీ గీత వైపు చూశాడు. చిన్నపిల్లాడి చూపు.

వెంటనే కుర్చీ చేతి మీద ఒక చెయ్యి కనిపించింది. కుడి చెయ్యి. చిటికెన వేలు వంకరగా ఉంది. ఆ వేలిని మణెమ్మ గుర్తుపట్టింది.

విద్యాధర్ సంతోషంతో లేచాడు. "వస్తున్నారు! అమ్మా, చెయ్యి చాలదు, నిబంధన ప్రకారం ముఖం కావాలి. ఇంకో నలుగురు ఇటు చూస్తే ముఖం కూడా వస్తుంది. మీరు ఒక్క కేక వెయ్యండి. 'ఇటు చూడండి' అంటే చాలు. మీ ఇల్లు మీకు ఉంటుంది."

మణెమ్మ నోరు తెరిచింది. ఆయన ముఖం చూసి ఎంతకాలమైందో ఆమెకు గుర్తుకొచ్చింది. ఒక్క కేక. జట్టు పిల్లలు ఆమె మాట జవదాటరు. అందరూ ఇటు తిరుగుతారు, ఆయన నిండుగా వచ్చి కూర్చుంటాడు, ఇల్లు నిలుస్తుంది. కాని కుర్చీ మీది చెయ్యి పైకి లేచింది. ఆమె వైపు కాదు, జహంగీర్ వైపు. చూపుడు వేలు చాచి మైదానాన్ని చూపించింది: ఇటు కాదురా, అటు.

జహంగీర్ అటు తిరిగాడు. వేళ్ళ కొసల నుంచి చెయ్యి కరిగిపోయింది.

మణెమ్మ నోరు మూసుకుంది. "వద్దంటుండు సారు," అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ తర్వాత ఎర్రగుంట ఆట చూడవలసిందే. ఎవరూ అరవలేదు, ఎవరూ గీత వైపు చూడలేదు. బంతి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి సాగనంపినట్టు పోయింది. రెండు గోల్స్ పడ్డాయి. ఎవరు కొట్టారన్నది కమిటీ రాసుకోలేకపోయింది. అందరి కాళ్ళ మీదుగా పోయిన బంతిని ఒకరి పేరున రాయడం కుదరలేదు.

ఆట అయిపోగానే నల్లవాగు గోల్‌కీపర్ స్తంభానికి ఆనుకుని కూలబడి, తల పైకెత్తి దామోదర్ ముఖం కోసం వెతికాడు. ఆ ముఖం అప్పటికే మబ్బుల దాకా పోయి ఉంది, అందలేదు. అప్పుడు జహంగీర్ మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా నీళ్ళ సీసాతో పరుగెత్తి, వాడి పక్కన కూర్చుని తాగించాడు.

"ఆ పని చెయ్యమని ఎవరు చెప్పారు?" అన్నాడు విద్యాధర్.

"ఎవ్వలు జెప్పలే."

"మరి?"

"ఎవ్వలు జెప్పకుంట జేసిండు జూడుండ్రి, గదే మా ఆయన," అంది మణెమ్మ. "ఇప్పుడు రాసుకోండ్రి సారు, హాజరని."

విద్యాధర్ నిజాయితీపరుడు. మనసారా రాశాడు. ఉప్పలయ్యగారు సంపూర్ణంగా హాజరయ్యారనీ, సంపూర్ణంగా కనిపించలేదనీ, ఈ రెండూ ఒకటేననీ రాశాడు. హోదా వచ్చింది. కుర్చీకి పూలదండ వేసి శాలువా కప్పారు. క్వార్టరు నిలిచింది. దామోదర్ సేవలను స్టేడియానికి వాడుకున్నారు. దానికి పైకప్పు లేని లోటు తీరింది.

కథ అక్కడే ముగిసి ఉంటే అందరికీ బాగుండేది. కాని విద్యాధర్ రాసిన కాగితం పైకి వెళ్ళింది, పైవాళ్ళు దాన్ని శ్రద్ధగా చదివారు. కొద్దిరోజులకు ఉత్తర్వు వచ్చింది. సంపూర్ణంగా కనిపించకపోవడమే సార్వకాలిక గొప్పతనానికి లక్షణమని ఎర్రగుంటలో రుజువైనందున, ఇకపై ఖాళీగా కనిపించే ఏ పోస్టునూ ఖాళీ అనరాదు. అందులో ఒక మహనీయుడు ఉన్నట్టు భావించవలెను. ఎవరైనా ఒక్క కుర్చీని ఖాళీ అని రుజువు చేసిన పక్షంలో, ఎర్రగుంట నిర్ణయంతో సహా అన్నీ తిరిగి విచారించబడును.

బడిలో లెక్కల సారు కుర్చీకి పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెట్టసాగారు. వాగు మీద ఇంకా కట్టని వంతెనను కూడా ఈ ఉత్తర్వులో చేర్చమని కాంట్రాక్టరు అర్జీ పెట్టుకున్నాడు. అది పరిశీలనలో ఉంది.

చలికాలంలో మణెమ్మకు మోకాలు వాచింది. దవాఖానకు వెళ్ళింది. డాక్టరు కుర్చీ ముందు వరుస ఉంది. ఒక్కొక్కరు వచ్చి, కుర్చీకి తమ బాధ చెప్పుకుని, పక్కకు తప్పుకుంటున్నారు.

"రాండ్రి పెద్దమ్మా," అంది నర్సు ఆప్యాయంగా. "మా డాక్టరు సారు మస్తు గొప్పోడు. ఇప్పటిదాంక ఒక్కలకు గూడ కనబడలే. అంత మీ సారు పుణ్యమే."

మణెమ్మ కుర్చీ వైపు చూసింది. కనబడని మనిషితో ఏళ్ళ తరబడి కాపురం చేసిన కళ్ళు అవి. కుర్చీ మీది మెత్త ఎక్కడా నలగలేదు. బల్ల మీద చాయ అట్లాగే ఉంది, మీద మీగడ కట్టింది. అక్కడ ఎవరూ లేరు. ఆమెకు ఇంత కూడా అనుమానం కలగలేదు.

ఆమె వెనక ఒక చిన్న వయసు తల్లి జ్వరంతో కాలిపోతున్న పసిదాన్ని భుజాన వేసుకుని నిలబడి ఉంది. మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, నీకైతె ఎర్కుంటది గద. డాక్టరు సారు నిజంగ ఉన్నడా?"

వరుసంతా చెవులు పెట్టింది. నర్సు చేతిలో హాజరు కాగితం ఉంది. మణెమ్మకు వాకిట్లో బండ కళ్ళ ముందు మెదిలింది, దాని మీద పొడిగా మిగిలే పాదం కూడా. లేడు అంటే, రేపు విచారణ వాళ్ళు ఆ బండ దగ్గరికే వస్తారు.

"ఉన్నడు బిడ్డా," అంది.

ఆ తల్లికి ప్రాణం లేచివచ్చింది. గబగబా ముందుకు పోయి, పసిదాన్ని కుర్చీ వైపు తిప్పి, దవడలు నొక్కి నాలుక చూపించింది.

ఆ సాయంత్రం వేళకు మణెమ్మ చెంబుతో వాకిట్లో నిలబడింది. తలుపు చప్పుడు అయినట్టే అనిపించింది. నీళ్ళు పోసింది. బండంతా తడిసింది.

ఇంకో చెంబు తెచ్చి పోసింది. ఎక్కడా పొడి మిగలలేదు.

కంచంలో వడ్డించి, తొక్కు పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది. అన్నం చల్లారింది, తగ్గలేదు. ఆయన అలిగాడో, లేడో ఆమెకు తేలలేదు. చూడడానికి రెండూ ఒకే తీరుగా ఉన్నాయి. దేవుడి ముందు పెట్టిన అన్నం కూడా ఏనాడూ తగ్గలేదు; అందుకని దేవుడు లేడని తాను ఏనాడూ అనుకోలేదు కదా అనుకుని, ఆమె కంచం తీసి కళ్ళకద్దుకుంది.

పొద్దున క్వార్టర్ల విచారణకు మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమమ్మా, సారు ఉన్నడా?"

మణెమ్మ రాత్రి కంచం కడుగుతోంది. తల ఎత్తలేదు.

"ఉన్నడు," అంది.