ఖాళీ గ్యాలరీ మహాభాగ్యం

ఆడవాళ్ళ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్‌కు జనాదరణ లేకపోవడం విచారకరమని ఎవరో మేధావి పేపర్లో రాశాడు. చదవగానే నాకు ఒళ్ళు మండింది. విచారమెందుకండీ? సామాన్యుడికి ఈ కాలంలో ఇంతకన్నా పెద్ద అదృష్టం ఇంకేముంది?

గాలి కబుర్లు చెప్పడం లేదు. మా ఊరి మహిళా జట్టు ఇక్కడ ఆడిన ప్రతి మ్యాచ్‌కూ ఎనిమిదేళ్ళుగా హాజరైన అనుభవంతో రాస్తున్నాను. అందులో మా అక్క కూతురు ఆడుతుంది. ఆరడుగుల అమ్మాయిల మధ్య అయిదడుగుల నాలుగంగుళాల మనిషి కాబట్టి జట్టంతా దాన్ని పిచ్చుక అంటారు. బంతిని ముందుకు తీసుకెళ్ళి మిగతా నలుగురికీ అందించే పని దానిదే.

ముందు కుర్చీల సంగతి చూడండి. నాలుగు వేల కుర్చీల స్టేడియంలో నలభై మందిమి కూర్చుంటాం. మనిషికి వంద కుర్చీలు! ఏ మంత్రిగారికి దక్కిందండీ ఈ వైభోగం? ఒక కుర్చీలో నేను, ఒక కుర్చీలో నా సంచి, ముందు వరసలో నా కాళ్ళు, వెనక వరసలో ఆరబెట్టిన నా గొడుగు. ఒక వైపు కూర్చుని విసుగేస్తే లేచి అవతలి వైపుకు వెళతాను. మగవాళ్ళ మ్యాచ్‌లో ఇలా చేసి చూడండి, కాళ్ళూ గొడుగూ కలిపి బయటికి విసిరేస్తారు.

ఇక ప్రశాంతత గురించి ఏం చెప్పను? కోచమ్మ తిట్లు అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తాయి. రిఫరీ మోకాళ్ళు కటకటమనడం కూడా నేను విన్నాను. మనం ఇచ్చే సలహాలు ఆటగాళ్ళకు నేరుగా చేరతాయి. ఒకసారి ఎడమ పక్క ఖాళీగా ఉందే పిచ్చుకా అని అరిచాను. ఆ మాట మా వాళ్ళకన్నా ముందు అవతలి జట్టు అమ్మాయి వింది. అటు పరిగెత్తి బంతి లాక్కుని బుట్టలో వేసి, వెనక్కి వెళుతూ నాకు థాంక్స్ చెప్పింది. ఎంత సంస్కారం! మా పిచ్చుక మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు.

టైమింగ్ కూడా ప్రేక్షకుడి మేలు కోరే పెట్టారు. బుధవారం పగలు పదకొండు గంటలకు! మా ఇన్సూరెన్స్ ఆఫీసులో కడుపునొప్పి అని చెప్పి సినిమాకు వెళ్ళిన వాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోయారు. ఎనిమిదేళ్ళలో దొరకనిది నేనొక్కణ్ణే. ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ దగ్గర మనిషి ఉంటాడని ఏ మేనేజరుకు తోస్తుంది?

పబ్లిసిటీలోనూ గొప్ప సంయమనం పాటిస్తారు. మగవాళ్ళ జట్టు బొమ్మ నాలుగు రోడ్ల కూడలిలో మూడంతస్తుల ఎత్తున నిలబడి ఉంటుంది. ఆడవాళ్ళ మ్యాచ్ సమాచారం ఒక తెల్లకాగితం మీద టైపు చేసి, స్టేడియం లోపల, మెట్ల కింద, చీపుళ్ళు పెట్టే గది తలుపుకు అంటిస్తారు. చూడాలన్న పట్టుదల ఉన్నవాడు వెతుక్కుంటాడు కదా!

జట్లు రెండింటికీ యజమాని ఒకరే, సిమెంటు కంపెనీ ఆయన. వ్యాపారం తెలిసిన మనిషి. మగవాళ్ళ జట్టు తొమ్మిదేళ్ళుగా నష్టంలో ఉంది. దాన్ని ఆయన పెట్టుబడి అంటారు. ఆడవాళ్ళ జట్టు అందులో పదో వంతు నష్టంలో ఉంది. దాన్ని నష్టమే అంటారు. వాళ్ళు విమానంలో వెళతారు, వీళ్ళు రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్ళి పొద్దున్నే ఆడతారు. వాళ్ళ మోకాలు వాస్తే ఫిజియో వస్తాడు. వీళ్ళ మోకాలు వాస్తే ఫిజియో బకెట్‌లో ఐసు పంపిస్తాడు. ఐసు ఒకటే కదండీ, ఇద్దరికీ చల్లగానే ఉంటుంది!

అన్నిటికన్నా మించిన సౌకర్యం పక్క గేటు. టికెట్ కౌంటర్‌లో కూర్చునే పెద్దమనిషి చాలా జాలిగుండె కలవాడు. ఆడపిల్లల మ్యాచ్ రోజున కౌంటర్ తెరవడు. పక్క గేటు గడియ తీసి, వచ్చినవాళ్ళను ఆప్యాయంగా లోపలికి పంపిస్తాడు. పాపం, అంత కష్టపడి ఆడుతున్నారు, నలుగురైనా చూడాలి కదండీ అంటాడు. ఇన్నేళ్ళుగా అదే ఆనవాయితీ. యజమానిగారు కనుక్కోలేదు, ఆయన చెప్పలేదు.

ఇంత సుఖంగా ఉన్న నా జీవితంలో పోయిన నెల పిడుగు పడింది.

ఒక సాయంత్రం పిచ్చుక మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూలబడింది. యజమానిగారు జట్టును పిలిచి తేల్చి చెప్పారట. సీజన్ చివరి మ్యాచ్‌కు అయిదువందల టికెట్లు అమ్ముడైతే వచ్చే ఏడు జట్టు ఉంటుంది, లేకపోతే ఎత్తేస్తారు. దానికి ఇరవై ఆరేళ్ళు. పదేళ్ళ వయసు నుంచి బంతి తప్ప వేరే లోకం తెలియదు. ఆడపిల్లకు ఆట ఉద్యోగమేమిటన్న వాళ్ళందరి నోళ్ళూ మొదటి జీతంతో మూయించిన పిల్ల.

"ఇది పోతే నాకు ఇంకేం రాదు మావయ్యా," అంది.

నేను ధైర్యం చెప్పాను. మాటలు చెప్పడంలో నేనెప్పుడూ వెనకాడలేదు.

ఆ పిల్లలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మూడు వారాల పాటు రోజూ ప్రాక్టీసు అయ్యాక యూనిఫారంలోనే రోడ్డెక్కారు. ఆస్పత్రి గేటు దగ్గర డ్యూటీ దిగే నర్సులకు చెప్పారు. బడులకు వెళ్ళారు. బట్టల ఫ్యాక్టరీ షిఫ్టు వదిలే వేళకు ఫుట్‌పాత్ మీద బంతి కొట్టుకుంటూ నిలబడ్డారు. మా జట్టు సెంటర్, అంటే బుట్ట కింద నిలబడే ఆరడుగుల రెండంగుళాల అమ్మాయి, మార్కెట్‌లో ఒక్కొక్క దుకాణం ముందూ వంగి వంగి చెప్పి నడుం పట్టేసుకుంది.

ఆదివారం సాయంత్రం మ్యాచ్. మగవాళ్ళ జట్టు వేరే ఊళ్ళో ఉండటంతో వీళ్ళకు మంచి టైము దొరికింది. నేను వెళ్ళేసరికి కళ్ళు తిరిగాయి. వీధి మలుపు దాకా క్యూ! నర్సులు, ఫ్యాక్టరీ అమ్మాయిలు, టీచర్లు, చంకలో పిల్లలతో తల్లులు, వాళ్ళను తీసుకొచ్చిన మొగుళ్ళు. కౌంటర్ ఒక్కటే. పెద్దమనిషికి ఇన్నేళ్ళలో టికెట్ చింపే అలవాటు తప్పిపోయింది. ఒక్కో టికెట్‌కూ వేలు తడుపుకుంటూ అవస్థ పడుతున్నాడు.

నేను పాతకాపును కదా! దర్జాగా పక్క గేటు వైపు నడిచాను. పెద్దమనిషి కౌంటర్ లోంచే నన్ను చూసి అలవాటుగా తల ఊపాడు, గడియ నేనే తీసుకున్నాను. అప్పుడే వెనక్కి తిరిగి చూస్తే, ఎండలో చంటిపిల్లతో నిలబడిన ఒకావిడ కనిపించింది. నా గుండె కరిగిపోయింది. ఎందుకమ్మా అక్కడ అవస్థ, ఇటు రండి, ఆడపిల్లల మ్యాచ్‌కు టికెట్ అక్కర్లేదు అన్నాను. ఆవిడ వచ్చింది. ఆవిడ వెనక ఇంకో పదిమంది. అయిదు నిమిషాల్లో క్యూ మొత్తం నా వెంట నడిచింది. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ నేనే లోపలికి పంపించాను. చాలామంది నాకు కృతజ్ఞతలు చెప్పారు. టికెట్ల మాట నాకు గుర్తులేదా? ఉంది. కానీ ఇంతమంది వచ్చారు, ఇంక ఢోకా ఏముందనుకున్నాను.

లోపల నా వంద కుర్చీల సామ్రాజ్యం కూలిపోయింది. అందరూ కోర్టు దగ్గరి వరసల్లోనే కిక్కిరిసి కూర్చోవడంతో సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరి మోచెయ్యో నా డొక్కలో ఉంది. ఎనిమిది వందల మంది ఒక్కసారి అరిస్తే పైకప్పు రేకులు అదిరాయి. మా పిచ్చుక ఆ అరుపులు విని ఒక్క క్షణం ఆగి గ్యాలరీ వైపు చూసింది. ఆ చూపు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ తరవాత అది ఆగలేదు. ఒక్క పాయింటు తేడాతో గెలిచారు. పక్కనున్న తెలియని మనిషిని నేను వాటేసుకున్నాను.

జనం వెళ్ళిపోయాక జట్టు మేనేజరు కాగితం పట్టుకుని వచ్చి లెక్క చదివాడు. అమ్ముడైన టికెట్లు నలభై మూడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఎనిమిది వందల మంది వచ్చారు కదా అన్నారు అమ్మాయిలు. మేనేజరు పెద్దమనిషిని పిలిచి అడిగాడు. ఆయన చేతులు నలుపుకుంటూ నా వైపు చూశాడు.

నేను గొంతు సవరించుకుని నా వాదన వినిపించాను. వచ్చిన జనమే సాక్ష్యం అన్నాను. అభిమానాన్ని టికెట్లతో కొలుస్తారా అన్నాను. కాగితం మీది అంకె చూసే యజమానిగారికి హృదయం లేదన్నాను.

పిచ్చుక బెంచీ మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటోంది. తలెత్తలేదు.

"ఎనిమిదేళ్ళుగా వస్తున్నావు కదా మావయ్యా. ఒక్క టికెట్టైనా కొన్నావా?"

"నాకెందుకే టికెట్? నేను నీ మేనమామని."

"పోయిన ఏడు మగవాళ్ళ ఫైనల్‌కి వెళ్ళావుగా. దానికి కొన్నావా?"

పాఠకులారా, ఇంతవరకు మీతో అన్నీ నిజాలే చెప్పాను, ఇదీ చెబుతాను. కొన్నాను. బ్లాకులో, మూడింతలు పెట్టి. మొత్తం మ్యాచ్ ఒక స్తంభం వెనక నిలబడి చూశాను. తిరిగొచ్చి ఆఫీసులో వారం రోజులు గొప్పలు చెప్పుకున్నాను.

పిచ్చుక లేచింది. బూట్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. జేబులో ఉన్న డబ్బంతా తీసి లోపలికి తోశాను. ఆడవాళ్ళ మ్యాచ్‌కు ఎన్ని వస్తే అన్ని టికెట్లు ఇవ్వమన్నాను.

పెద్దమనిషి నోట్లను మెల్లగా నా వైపు జరిపాడు.

"ఏ మ్యాచ్‌కండీ?" అన్నాడు.