నాలుగో అంచు కుట్టకండి

మొదలుపెట్టిన పనిని పూర్తి చేయకూడదు. చేసినవాడు చెడ్డాడు!

నవ్వకండి. ఆరంభశూరులని మనం ఎగతాళి చేసేవాళ్ళే ఇంటికి దీపాలు. నమ్మకపోతే మా వీధి చివర వెండెల్ ఇంటికి రండి. మా మినెసోటాలో ఎవరింటికెళ్ళినా గుమ్మంలోనే బూట్లు విప్పడం మర్యాద. అక్కడ మాత్రం విప్పకండి. కార్పెట్ నిండా గుండుసూదులు.

వెండెల్ భార్య మార్లిస్ బొంతలు కుడుతుంది. కుడుతుంది అనడం కన్నా మొదలుపెడుతుంది అనడం న్యాయం. భోజనాల బల్ల మీద నక్షత్రాల బొంత. సోఫా మీద ఉంగరాల బొంత. పియానో మీద ఇంకా పేరు పెట్టని బొంత. స్నానాల తొట్టెలో రంగు వదులుతున్న ఎర్రగుడ్డ. ఆ నీళ్ళు చూసి ఒకసారి ప్లంబరు పోలీసుల్ని పిలవబోయాడు.

ఎన్ని లాభాలో చూడండి. బల్ల ఖాళీ లేదు కాబట్టి వెండెల్ నిలబడే తింటాడు. అరుగుదలకు అంతకన్నా మందుందా? కూర్చోడానికి చోటు లేదు కాబట్టి బావమరిది వచ్చినంత వేగంగానే వెళ్ళిపోతాడు. ఉత్తరపు గోడంతా గుడ్డల బీరువాలే. ఆ పోగులన్నీ దాటుకుని లోపలికి రావడానికి ఈదురుగాలికే ఓపిక చాలదు. ఓసారి వెండెల్ గుడ్డలు కత్తిరించే కత్తెరతో బఠానీల ప్యాకెట్ కత్తిరించాడు. కుట్టేవాళ్ళింట్లో ఆ కత్తెర పదును పోగొట్టడాన్ని మించిన పాపం లేదు. మార్లిస్ మాట్లాడడం మానేసింది. ఆ ప్రశాంతతలో వెండెల్ హాకీ మ్యాచ్‌లన్నీ చూసేశాడు!

ఒక్కటే దిగులు. ఇన్ని బొంతల ఇంట్లో వెండెల్ కప్పుకునేది మాత్రం కొట్లో కొన్న చిల్లుల దుప్పటి. అతని పాత ఫ్లానెల్ చొక్కాలన్నీ ముక్కలు చేసి మార్లిస్ అతనికంటూ ఒక బొంత కుట్టింది. మూడంచులు వేసి నాలుగోది వదిలేసి కుర్చీ మీద పడేసింది. గంతకు తగ్గ బొంత అంటారు. గంత ఉన్నాడు, బొంత ఉంది, అంచే లేదు.

"ఆ ఒక్కటీ కుట్టేస్తే నీ సొమ్మేం పోతుంది మార్లిస్?"

"తొందరేముంది, చలికాలం రానీ."

"ఇది జనవరి."

"మళ్ళీ వస్తుందిగా."

వెండెల్‌కి ఒళ్ళు మండింది. మా చలిలో అదీ ఒక సుఖమే అనుకోండి. భార్యకు తెలియకుండా ఆర్డిస్‌కి కబురుపెట్టాడు. ఆర్డిస్ అంటే చర్చి కుట్టుసంఘానికి పెద్ద. సగంలో ఆగిన కుట్టు కనబడితే ఆవిడకు చేతులు దురద. నిమ్మకాయ మిఠాయి బిళ్ళలతో వచ్చి, బొంత ఒళ్ళోకి లాక్కుని, సగం అంచు చకచకా కుట్టేసి, దాన్ని ఎత్తి చూసింది.

"మూలలు ఎంత ముద్దుగా కలిశాయో. చర్చి వేలానికి ఇదే పెడదాం. నీకేం అభ్యంతరం లేదుగా వెండెల్?"

మినెసోటా మనిషి ప్రాణం పోతున్నా "వద్దు" అనడు.

"ఏముందిలే," అన్నాడు వెండెల్.

అప్పుడే గుమ్మంలోకొచ్చి ఆ మాట విన్న మార్లిస్ అతణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళింది. "ఈ ఇంట్లో పూర్తయిన బొంత ఎప్పుడైనా చూశావా? అంచు పడిన మరుక్షణం అది చర్చిదో, పెళ్ళివాళ్ళదో, పురిటిబిడ్డదో అయిపోతుంది. నాలుగో అంచు నేనెందుకు వదిలేశాననుకున్నావు, చేతకాకా?"

"నాకు చెప్పొచ్చుగా."

"ఆర్డిస్‌కి వద్దని నువ్వు చెప్పొచ్చుగా."

మార్లిస్ ముందుగది వైపు తిరిగి గొంతు పెంచింది. "ఆర్డిస్, ఇలా వంటింట్లోకి రా, కాఫీ తాగుదువుగాని."

ఇక్కడ కాఫీ ఇస్తామంటే రెండుసార్లు మొహమాటపడి మూడోసారి ఒప్పుకోవాలి. ఆ మర్యాద ముగిసేసరికి వెండెల్ కుట్లు విప్పే కత్తితో ముందుగదిలో సగం అంచూ ఊడదీశాడు.

ఆర్డిస్ తిరిగొచ్చి కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఇక్కడిదాకా కుట్టినట్టు గుర్తే?"

"వయసు, ఆర్డిస్," అన్నాడు వెండెల్ జాలిగా. "నాకూ అంతే."

ఆవిడ మళ్ళీ కుట్టింది. మళ్ళీ కాఫీ. మళ్ళీ కత్తి. చివరికి మంచు పెరుగుతోందని, "ఈ బొంతకేదో పట్టింది," అంటూ ఆర్డిస్ ఇల్లు చేరింది. వెండెల్ ఇప్పుడు ఆ బొంత కిందే కునుకు తీస్తున్నాడు. నాలుగో అంచులోంచి బయటికొచ్చిన దూది కాలివేళ్ళకు గిలిగింతలు పెడుతుందట.

కాబట్టి పాఠకులారా, "వద్దు" అనే ఒక్క ముక్క నోట పలకని మాకు ఇన్ని ముక్కలు కుట్టడం, విప్పడం తప్పదు. ఇది రాస్తుండగానే ఆర్డిస్ ఫోన్ చేసింది. చర్చి పత్రికలో ఖాళీ ఉందట. వ్యాసం పూర్తవగానే ఊరికే పట్టుకుపోతుందట. "ఏముందిలే," అన్నాను. అందుకే దీని చివరి వాక్యం నేను