ఎంగిలి బటన్

సిద్దిపేటలో చెప్పుల దుకాణం పైన ఆఫీసు పెట్టిన హరికిషన్‌కు ఆ ఉదయం ఒకటే పని. దుబ్బాక వైపు చేనేత సంఘం ఒకటి నెల రోజులుగా ఆయన మూలగదిలోని మెషిన్ల మీద ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముకుంటోంది. ఇవాళ సంఘం అధ్యక్షుడు రాజమల్లయ్య వచ్చి బటన్ నొక్కుతాడు. కొత్త సర్వర్లు వాటంతటవే లేచి, వాటంతటవే అమరిపోతాయి. చప్పట్లు, శాలువా, టిఫిన్. ఆయన మెచ్చితే సంఘం పనంతా హరికిషన్‌ది. మొహం ముడిచాడా, హైదరాబాదు కంపెనీది.

ఆ మెషిన్లను క్లౌడ్‌గా నడిపేది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఓపెన్ సోర్స్ అంటే ఊరికే దొరికేదని హరికిషన్‌కు తెలుసు. అంతకు మించి తెలుసుకోవాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు. సర్వర్లను దానంతటదే కట్టే ప్రోగ్రాం, అంటే స్క్రిప్టు, ఉద్యోగి భువన రాసింది. అది రాగానే, ఆ పనే చేత్తో చేసే సతీశ్‌ను "ఇగ నీతోని పని లేదు తమ్మీ" అని పంపించేశాడు. ప్రారంభోత్సవానికని ఒక డబ్బా చేయించాడు. పచ్చ బటన్ నొక్కితే సర్వర్లు లేస్తాయి, ఎర్ర బటన్ నొక్కితే ఉన్నవన్నీ పోతాయి. పచ్చదానికి బంతిపూలు చుట్టి బొట్టు పెట్టారు.

రాజమల్లయ్య ఆలస్యం చేశాడు. హరికిషన్ మామ మాత్రం అందరికన్నా ముందొచ్చాడు.

"ఇంటి పెద్దోన్ని నేనుండంగ ఇంకెవలు నొక్కుతరు అల్లుడా?"

నొక్కాడు. పది సర్వర్లు లేచాయి. సంఘం ఉపాధ్యక్షుడు స్వామికి అది గుచ్చుకుంది.

"మేం గింత దూరం ఉప్మా తినెతందుకు వచ్చినమా?"

ఆయనా నొక్కాడు. ఇంకో పది. బిల్డింగు ఓనరు నొక్కాడు. ఫొటో సరిగ్గా రాలేదని మామ మళ్లీ నొక్కాడు.

"సార్, నొక్కినప్పుడల్లా కొత్తయి లేస్తున్నయ్. జాగ నిండిపోతది," అంది భువన.

"క్లౌడ్‌ల జాగ నిండుడేంది? క్లౌడంటె మొగులే గద, మొగులుకు గోడలుంటయా?" అని నవ్వాడు హరికిషన్. ఆయన జోకుకు ఆయన ఒక్కడే నవ్వాడు.

మూలగదిలో మెషిన్ల ఫ్యాన్లు రొద పెట్టాయి. తెర నిండా ఎర్ర అక్షరాలు. "సున్నా తిరుగుతనే ఉంది, చీర బొమ్మ వస్తలేదు," అని స్వామి ఫోను చూపించాడు. సరిగ్గా అప్పుడు రాజమల్లయ్య మెట్లెక్కి వచ్చి, నలిగిన బంతిపూల వంక చూశాడు.

"అందరు నొక్కినంక పిలిచినవా? అధ్యక్షుడు ఎంగిలి బటన్ నొక్కాల్నా?"

హరికిషన్‌కు కళ్ల ముందు హైదరాబాదు కంపెనీ కనిపించింది.

"ఎంత మాటన్నా! ఎవలు ముట్టనిది ఇగో, గీ ఎర్రది నీ కోసమే ఉంచిన."

"సార్, అది..."

"నువ్వు చప్పట్లు కొట్టు భువనా."

రాజమల్లయ్య గడియారం సర్దుకుని, ఫొటోకు నవ్వి, నొక్కాడు. ఫ్యాన్లు చల్లబడ్డాయి. ఎర్ర అక్షరాలు మాయమై, 'పని పూర్తయింది' అని పచ్చగా ఒక్క ముక్క వచ్చింది.

"సూశిన్రా? నేను నొక్కంగనే ఎట్ల సక్కగైందో! పని నీదే హరికిషన్." శాలువా కప్పించుకుని, టిఫిన్ తిని వెళ్లిపోయాడు.

"చీరల దుకాణం గూడ పోయింది సార్," అంది భువన.

"పోతే పోయె. నీ స్క్రిప్టు మల్ల నడుపు."

"స్క్రిప్టు గూడ గా క్లౌడ్‌లనే ఉండె. బయట ఇంకో కాపీ పెడ్తనంటె, క్లౌడుండంగ బయటెందుకన్నరు మీరే."

హరికిషన్ సతీశ్‌కు ఫోన్ చేశాడు. "తమ్మీ, జర రావాలె."

"వస్త సార్. గని నాకు గూడ శాలువ కప్పాలె."

కప్పారు. సతీశ్ చేత్తో ఒక్కొక్క సర్వరే కడుతుండగా, పక్క గోడకు శిలాఫలకం బిగించారు: 'ఆటోమేషన్ ప్రారంభించినవారు శ్రీ రాజమల్లయ్య గారు.'