నల్లోడు గారి సంస్మరణ సభ

చావు పుట్టుకల బాధ్యత ప్రకృతిది. ఆ రెంటి నడుమ ఎవరు ఎవరికంటే ముందు వరసలో కూర్చోవాలో తేల్చే బాధ్యత పోలీసు శాఖది. ఈ రెండో పనే కష్టమని శాఖలో అందరికీ తెలుసు. (ప్రకృతికి తెలియదు. అందుకే అది ఎవరిని పడితే వారిని ముందు తీసుకుపోతుంది.)

అందుచేత, బాంబులు పసిగట్టే కొలువులో ముక్కు అరగదీసుకుని రిటైరైన నల్లోడనే కుక్క విశ్రాంతి కేంద్రంలో కన్నుమూసిందన్న కబురు రాగానే, శాఖ దుఃఖించే ముందు హోదా చూసింది. నల్లోడిది ఇన్‌స్పెక్టర్ హోదా. పోలీసు కుక్కకు దాన్ని తిప్పే మనిషికంటే పై హోదా ఇవ్వాలని నిబంధన. కొట్టబోయిన చెయ్యి సగం దారిలో సెల్యూట్‌గా మారిపోవాలని దాని ఉద్దేశం. నల్లోణ్ణి తిప్పిన మనిషి ఉత్త కానిస్టేబులు.

ఆ కానిస్టేబులు వాణ్ణి ఎన్నడూ కొట్టలేదు. ఆ అవసరమే రాలేదు. కూర్చోమంటే కూర్చునేవాడు. అనుమానం తగిలిన సంచి ముందు, చెప్పకుండానే కూర్చునేవాడు. కూర్చున్నాక ఆకాశం ఊడిపడినా లేచేవాడు కాదు. లేపగలిగింది ఒక్క మాటే, అదీ కానిస్టేబులు గొంతులోనే: "పోదాం పద." ఇంకెవరైనా అంటే, అది తనను కాదన్నట్టు మర్యాదగా మొహం తిప్పుకునేవాడు. డ్యూటీ దిగాక ఇతని బూటుమీద గడ్డం ఆనించి నిద్రపోయేవాడు. కాలు తిమ్మిరెక్కినా ఇతను కదిపేవాడు కాదు. వాడంటే ఇతనికి ప్రాణం.

రిటైర్మెంటు రోజున కానిస్టేబులే వాణ్ణి వేదిక పక్కన కూర్చోబెట్టాడు. ఇన్‌స్పెక్టర్ పక్కన కానిస్టేబులు ఫొటోలో పడితే బాగుండదని, వెంటనే అతన్ని గేటు దగ్గర బండ్లు సర్దే డ్యూటీకి పంపారు. తిరిగొచ్చేసరికి నల్లోడు లేడు. ఎవరు లేపినా లేవకపోయేసరికి, నలుగురు పట్టి కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఎత్తి వ్యాన్లో పెట్టారట.

విశ్రాంతి కేంద్రానికి, కుక్కల్ని తిప్పిన పాత హ్యాండ్లర్లు పోకూడదు. (పోతే విశ్రాంతిలో ఉన్న అధికారికి డ్యూటీ గుర్తొస్తుంది.) అనుమతి కోసం ఇతను పెట్టుకున్న అర్జీ ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి షికారు చేస్తూండగానే నల్లోడు పోయాడు.

"తిండి తినేవాడన్నా," అన్నాడు కేంద్రం కాపలాదారు ఫోన్లో. "తిని, మళ్లీ పోయి గేటుకి ఎదురుగా కూర్చునేవాడు. నేను పిలిస్తే మొహం తిప్పుకునేవాడు."

ఫోను పెట్టేసిన భర్తను కానిస్టేబులు భార్య కాసేపు చూసింది. "లేవమని చెప్పకుండా వచ్చేశారు, అదే మిమ్మల్ని తినేస్తోంది. సభ పెడుతున్నారటగా, వెళ్లి ఆ మాటేదో చెప్పేసి రండి. మీకూ నిద్ర పడుతుంది, నాకూ పడుతుంది."

అతను సభల గుమాస్తా దగ్గరికి వెళ్లాడు. శాఖలో ఏ సభలో ఎవరు ఎంత విచారించాలో నిర్ణయించేది ఆయనే.

"సార్, రేపటి సభలో నాదొక్క మాట ఉంది."

"ఎవరి గురించి?"

"గురించి కాదు సార్. వాడికే చెప్పాలి."

గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారిని పట్టుకుని వాడంటావేంటయ్యా?"

"తప్పే సార్. వారికే చెప్పాలి."

"కుదరదు. కింది ఉద్యోగి పై అధికారిని మెచ్చుకుంటే కాకా పట్టినట్టు. మెచ్చుకోకపోతే క్రమశిక్షణ తప్పినట్టు."

"ఆయన పోయారు కదా సార్."

"మనిషి పోతే హోదా పోతుందా?" అన్నాడు గుమాస్తా. అంతలోనే కాస్త జాలిపడ్డాడు. "ఒక పని చెయ్యి. ఫొటో స్టాండు కాలు విరిగింది. సభ అయ్యేదాకా నువ్వే ఫొటో పట్టుకుని నిలబడు. నోరు మాత్రం విప్పకు."

సభ నిండుగా జరిగింది. 'ఇక వెళ్లొచ్చు' అని పెద్దసారు అనేదాకా ఎవరూ లేవకూడదని ముందే ఉత్తర్వు ఉండటం అందుకు తోడ్పడింది. పెద్దసారు మైకు అందుకుని, నల్లోడు గారిలో తనను తాను చూసుకునేవాణ్ణన్నారు. రద్దీ బజార్లో నల్లోడు సంచి ముందు కూర్చుని ఎందరి ప్రాణాలో నిలబెట్టిన రోజున, ఆఫీసులో కూర్చుని తాను అందించిన నాయకత్వాన్ని వర్ణించారు. (ఇద్దరూ కూర్చునే సాధించారన్నది నిజమే.) తర్వాత తన బాల్యంలోకి వెళ్లారు. ఎంతకీ తిరిగి రాలేదు. వెనక వరసల్లో తలలు వాలిపోతున్నాయి.

కానిస్టేబులు ఫొటో వైపు చూశాడు. రిటైర్మెంటు రోజుదే. మెడలో దండ, చూపు మాత్రం పక్కకి. అది హుందాతనమని అందరూ అనుకున్నారు. ఆ పక్కన గేటు ఉందని అతనొక్కడికే తెలుసు. వాడు ఇంకా కూర్చునే ఉన్నాడు. గొణిగితే వాడికి వినపడదేమోనని, మైదానంలో అనే గొంతుతోనే అన్నాడు.

"పోదాం పద."

హాలంతా లేచింది. ఎవరన్నారని ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. మంచి ఉత్తర్వును ప్రశ్నించే అలవాటు శాఖలో లేదు. పెద్దసారు బాల్యంలోంచి బయటపడేసరికి హాల్లో ఆయన, కానిస్టేబులు, ఫొటో మిగిలారు.

విచారణ జరిగింది.

"సభను రద్దు చేయడానికి నువ్వెవరివి?"

"సభకి చెప్పలేదు సార్. ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పాను."

"కానిస్టేబులు ఇన్‌స్పెక్టర్‌కి ఆర్డరేస్తాడా?"

"అలవాటు సార్. ఆయన వినేవారు."

విచారణాధికారి నివేదిక రాశాడు. కింది ఉద్యోగి మాటకు లేచిపోయిన అధికారులందరికీ హెచ్చరిక. క్రమశిక్షణ నిలబెట్టినది ఒక్క నల్లోడు గారే కాబట్టి, సొంత హ్యాండ్లరు పిలిచినా కూర్చున్నచోటు నుంచి కదలనందుకు వారికి మరణానంతర ప్రశంసాపత్రం.

ఆ పత్రం ఇవ్వడానికి మళ్లీ సభ పెట్టారు. కానిస్టేబులుకు గేటు దగ్గర బండ్లు సర్దే డ్యూటీ వేశారు.